పెరట్లో స్ట్రాబెర్రీ: మొవ్వు నుంచి పిలక దాకా

స్ట్రాబెర్రీ అనగానే చలి ప్రదేశాల పండు అనుకుంటాం. మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ ఈ పంటకు పేరుపొందింది. అక్కడి పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలోనూ రైతులు దీన్ని పండిస్తున్నారు. మైదాన ప్రాంతంలో మాత్రం ఇది శీతాకాలపు పంట. ఆ సంగతి గుర్తుంచుకుంటే పెరట్లోనూ, డాబా మీది కుండీల్లోనూ పెంచుకోవచ్చు.

మొదటి ఏడాది మా బడి ఆవరణలో పిల్లలతో కలిసి 12 మొక్కలు నాటాము. రెండు వారాలు తిరక్కుండానే ఏడు కుళ్ళిపోయాయి. నీళ్ళు చాలలేదేమోనని పిల్లలు ఇంకా పోశారు. పెరికి చూస్తే గానీ తప్పు మాదేనని తెలియలేదు. ఆకులు పుట్టుకొచ్చే మొవ్వును మట్టిలో పూడ్చేశాము. స్ట్రాబెర్రీ విషయంలో మొదటి పాఠం ఇదే: వేళ్ళు మట్టిలో ఉండాలి, మొవ్వు మట్టి పైన కనబడాలి. మరీ పైకి నాటితే వేళ్ళు ఎండిపోతాయి.

నాటడం: అక్టోబరు చివర నుంచి నవంబరు వరకు అనుకూలం. నీరు నిలవని గరప నేల కావాలి. కుండీకైతే ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమంగా కలపాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. నేలలో ఎత్తు మడి కట్టి, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్ల దూరం ఉంచాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

సంరక్షణ: వేళ్ళు పైపైనే పాకుతాయి కాబట్టి నీరు కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. ఆకుల మీద కాకుండా మొదట్లో, ఉదయం పూట పోయాలి. మొక్క చుట్టూ వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది, పండు మట్టికి తగిలి కుళ్ళదు. బూజు పట్టిన కాయలను వెంటనే తీసేయాలి. పిట్టలు, ఉడతలు రాకుండా వల కప్పాలి. పూత సమయంలో మాత్రం తేనెటీగలకు దారి వదలాలి.

కొన్ని పండ్లు వంకరగా ఎందుకున్నాయని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మనం గింజలనుకునేవే నిజానికి ఈ మొక్క కాయలు. వాటిని మోస్తున్న పూల పీఠమే ఉబ్బి ఎర్రని గుజ్జవుతుంది. పుప్పొడి అందని వైపు గుజ్జు పెరగదు, పండు వంకర పోతుంది. అందుకే పూత మీద పురుగుమందు చల్లకూడదు.

కోత: పూసిన సుమారు నెలకు పండు తయారవుతుంది. కోశాక ఇది తియ్యబడదు కనుక పూర్తిగా ఎర్రబడ్డాకే, ఉదయం చల్లదనంలో, తొడిమతో సహా కోయాలి.

పిలకలు: తల్లి మొక్క నుంచి సన్నని తీగలు పాకి, వాటి కణుపుల దగ్గర పిల్ల మొక్కలు పుడతాయి. కాపు నడుస్తుండగా వచ్చే తీగలను కత్తిరించాలి. లేకుంటే బలమంతా వాటికే పోతుంది. కాపు అయిపోయాక మొక్కకు రెండేసి తీగలు వదిలి, పిల్ల మొక్కను పక్కనే చిన్న కుండీలోని మట్టికి ఆనించాలి. మూడు నాలుగు వారాల్లో అది వేళ్ళూనుకుంటుంది. అప్పుడే తీగ తెంచాలి, ముందు తెంచితే పిల్ల వాడిపోతుంది.

ఇక అసలు పరీక్ష మన ఎండాకాలం. చాలామంది మొక్కలు మాడనిచ్చి, మళ్ళీ చలికాలానికి కొత్తవి కొంటారు. మేము మిగిలిన ఐదు కుండీలనూ వాటి పిలకలనూ వేపచెట్టు నీడకు మార్చాము. ఉదయపు ఎండ మాత్రమే తగిలేలా పెట్టి, పిల్లలు సెలవుల్లోనూ వంతులవారీగా వచ్చి నీళ్ళు పోశారు. అయినా తల్లి మొక్కల్లో రెండే వేసవి దాటాయి. వాటితో పాటు నాలుగు పిలకలు కూడా బతికాయి.

అక్టోబరులో ఆ ఆరింటినీ నాటాము. ఈసారి గుంట తీసిన పిల్లలే ఒకరికొకరు చెప్పుకున్నారు: "మొవ్వు పైకి ఉందో లేదో చూడు!"