మారిషస్ దీవిలో అద్దెకారు

ప్రొద్దుటూరు నుండి విహారమునకై మారిషస్ దీవికి బోవువారు అచట కారు నద్దెకు గైకొని తామే నడుపుకొనవచ్చును. స్వదేశపు లైసెన్సుతోపాటు, 1949 నాటి జెనీవా ఒప్పందము ననుసరించి మన రవాణా శాఖవారిచ్చు అంతర్జాతీయ అనుమతి పత్రము వెంట నుండుట మేలు. దాని గడువు ఒక సంవత్సరమునకు మించదు. బండి దీసికొనునపుడే దానిపై నున్న గీతలను, సొట్టలను కాగితముపై వ్రాయింపవలెను. భీమా యున్నను నష్టములో కొంత అద్దెదారుని మీద బడవచ్చును. ఆ మొత్తమెంతయో ముందే యడుగవలెను.

ఆ దీవిని 1810లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి గైకొనిరి. నేటికిని ఊళ్ల పేర్లు పెక్కు ఫ్రెంచివే; బండ్లు మాత్రము మన దేశమున వలెనే ఎడమవైపున నడచును. ఈ పోలికయే మనవారికి ఏమరపాటు గలిగించును. వలయాకారపు కూడళ్లయొద్ద కుడివైపు నుండి వచ్చు బండికి దారి విడువవలెను. ఈ నియమము మనకును గలదు. పాటించువారెందరో విద్యార్థులే యూహింపగలరు. మనిషి నిలువును మించి పెరిగిన చెఱకు బాట మలుపులను మఱుగుపఱచును. జూన్ మొదలు డిసెంబరు వరకు కోతకాలము. అపుడు చెఱకు లారీలు మెల్లగా సాగుచుండును. వానిని దాటిపోవ తొందరపడరాదు.

ఆ తోటలలో కూలికై 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి వెడలిన తెలుగువారి సంతతి నేడును అచట గలదు. ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. అయినను వారిలో ననేకుల యింటి మాట క్రియోలు భాష. కావున దారి యడుగుటకు ఆంగ్లమునే యాశ్రయింపవలసి యుండును.