పొగ వేరు, ధూళి వేరు



కొన్నేళ్ల క్రితం నేనున్న విచారణలో ఒక పల్లె పక్కన కంకర క్రషర్ నడిచేది. ఇళ్ల మీద, ఆరబోసిన వడ్ల మీద తెల్లటి దుమ్ము. ఊరివాళ్లు నాచేత అర్జీ రాయించారు. "క్రషర్ పొగ భరించలేకున్నాం" అని రాశాను. వచ్చిన అధికారి చుట్టూ చూసి, "ఇక్కడ పొగగొట్టమే లేదే!" అని వెళ్లిపోయారు. దేనికి ఏ మాట వాడాలో తెలియకపోతే వాదం నిలవదని తత్త్వశాస్త్రంలో చదువుకున్న నేనే ఆ తప్పు చేశాను. అందుకే ఈ వారం ఆ మాటలు నేర్చుకుందాం.

1. ఉద్గారం: 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం పొగగొట్టం నుంచి గానీ, మరే మార్గం నుంచి గానీ బయటికొచ్చే ఘన, ద్రవ, వాయు పదార్థం ఉద్గారమే. అంటే కంటికి కనిపించే పొగ ఒక్కటే కాదు.

2. రెండు ప్రమాణాలు: గొట్టంలో కొలిచేది ఉద్గార ప్రమాణం. మనం పీల్చేచోట కొలిచేది పరిసర వాయు ప్రమాణం. 2017 నుంచి నెలకొల్పే బొగ్గు విద్యుత్ కేంద్రాల గొట్టంలో ధూళి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని 2015లో నిర్ణయించారు. పరిసర గాలిలో పది మైక్రాన్లలోపు ధూళి 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది 2009 నాటి ప్రమాణం. మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు గనుక, గొట్టంలోని అంకె 300 రెట్లు పెద్దది! ఎత్తైన గొట్టం నుంచి వెళ్లిన పొగ పలచబడి దిగుతుందన్నది లెక్క. కాని ఎత్తు పొగను తగ్గించదు, దూరంగా పంచుతుంది. తగ్గించేది బ్యాగ్ ఫిల్టర్ వంటి యంత్రమే. ఒకేచోట పది గొట్టాలుంటే ఒక్కొక్కటీ హద్దులోనే ఉన్నా, ఊరి గాలి హద్దు దాటవచ్చు.

3. గొట్టం లేని ధూళి: బొగ్గు కుప్పలు, పట్టా కప్పని లారీలు, క్రషర్లు ఈ కోవలోవి. ఇంగ్లీషులో ఫ్యుజిటివ్ ఎమిషన్ అంటారు. క్రషర్ యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదు. యంత్రాన్ని మూసి ఉంచడం, గాలికి అడ్డుగోడ కట్టడం, క్రమం తప్పక నీళ్లు చల్లడం కూడా నిబంధనలే. నా అర్జీలో ఉండవలసిన మాటలు ఇవి.

4. ఆక్యుపయర్: పరిశ్రమ వ్యవహారాలు ఎవరి అదుపులో ఉన్నాయో ఆ వ్యక్తి. జవాబు చెప్పవలసింది మేస్త్రీ కాదు, ఆయనే.

కాబట్టి అర్జీ రాసేటప్పుడు వచ్చేది పొగా, ధూళా, ఏ చోటునుంచి, ఏ తేదీన, ఏ వేళలో, గాలి ఏ దిక్కుగా వీస్తుండగా అన్నది రాసి, కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. 60 రోజుల నోటీసు ఇచ్చి సామాన్యుడే కోర్టుకు వెళ్లే వీలును 1987 సవరణ కల్పించింది.

మేము రెండోసారి "ధూళి" అని రాశాం. నీళ్ల ట్యాంకరు వచ్చింది. అడ్డుగోడకు మాత్రం మరో మూడు అర్జీలు పట్టింది.