చూపు లేని కంటికి పొద్దు తెలుస్తుందా?

ప్రశ్న: మా నాయనకు గ్లకోమాతో రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. కొన్ని వారాలు బాగానే నిద్రపోతాడు. తర్వాత కొన్ని వారాలు రాత్రంతా మేలుకుని కండెలు చుడతాడు, పగలు కునుకుతాడు. అమావాస్య ప్రభావమంటున్నారు. నిద్రమాత్ర వేయొచ్చా?
– ఒక నేత కార్మికుడు, ధర్మవరం

జవాబు: పాపం, చంద్రుడి తప్పేమీ లేదు. అమావాస్య 29.5 రోజులకోసారి వస్తుంది. ఈ పెద్దాయన లెక్క వేరు. మెదడులోని గడియారానికి రోజంటే 24 గంటల కన్నా కాస్త ఎక్కువ. చూపున్నవారిలో పగటి వెలుతురు దాన్ని రోజూ సరిదిద్దుతుంది. వెలుతురు అందకపోతే నిద్రవేళ జరిగిపోతూ ఉంటుంది. రోజుకు అరగంట జరిగినా, మళ్లీ రాత్రితో కలవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఈలోగా చీకటిపడ్డాక పెరగాల్సిన నిద్ర హార్మోన్ మెలటోనిన్ పట్టపగలు పెరుగుతుంది. తెల్లవారుజామున పెరగాల్సిన కార్టిసాల్ హార్మోన్ కూడా వేళ తప్పుతుంది.

అంధులందరికీ ఇలా జరగదు. 1995లో అమెరికాలో చార్లెస్ సైస్లర్ బృందం 11 మంది అంధులను గట్టి వెలుతురులో ఉంచి రక్తం పరీక్షించింది. ఆ వెలుతురు తమకు తెలియనే లేదన్న ముగ్గురిలో మెలటోనిన్ తగ్గింది! వారిలో ఇద్దరికి కళ్లు కప్పి చూస్తే తగ్గలేదు. 2002లో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల రెటీనాలో, తమంతట తామే వెలుతురును పసిగట్టి మెదడు గడియారానికి చేరవేసే గాంగ్లియన్ కణాలను గుర్తించింది. నాయనకు వచ్చిన గ్లకోమా దెబ్బతీసేది మాత్రం గాంగ్లియన్ కణాలనే.

మామూలు నిద్రమాత్ర మత్తునిస్తుందే తప్ప గడియారాన్ని సరిచేయదు. 2000లో రాబర్ట్ శాక్ బృందం పూర్తి అంధులైన ఏడుగురికి రోజూ పడుకునే ముందు మెలటోనిన్ ఇస్తే ఆరుగురి గడియారం 24 గంటలకు కుదిరింది. మోతాదు, వేళ డాక్టరే చెప్పాలి. మందుల షాపులో అడిగి కొనేది కాదు. ముందు రెండు నెలల పాటు నాయన పడుకున్న, లేచిన వేళలు క్యాలెండర్‌లో రాసి డాక్టరుకు చూపించాలి.

పెనుకొండ పాఠకురాలొకరు, చూపు పోయిన కన్ను తీయించి కృత్రిమ కన్ను పెట్టించుకోవచ్చా అని అడిగారు. నొప్పి, గడ్డ వంటి కారణాలుంటే తప్పదు. కేవలం అందం కోసమైతే, ఆ కన్ను ఇంకా గడియారానికి వెలుతురు అందిస్తోందేమో ముందే తేల్చుకోవాలి.

హిందూపురంలో ఒక ఇంట్లో, రేచీకటితో మొదలై, రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన చెల్లెలి గదిలో లైటు దండగ అనుకుంటున్నారట. ఆ జబ్బులో గాంగ్లియన్ కణాలు చాలాకాలం మిగలొచ్చు. ఆమెను రోజూ పొద్దున కాసేపు ఆరుబయట కూర్చోబెట్టాలి, నల్లకళ్లద్దాలు లేకుండా.