రికార్డు తర్వాత, ముందు హోల్డర్ పట్టండి

ప్రశ్న: ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేస్తున్నాను. బ్యాచ్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని. ప్రాక్టికల్స్‌లో ‘నువ్వు రికార్డు రాయమ్మా’ అని పక్కన కూర్చోబెడుతున్నారు.

జవాబు: మీది ఏడాది కోర్సు, పోయిన వారం మళ్లీ రాదు. ‘ఇవాళ నా వంతు ఎప్పుడు సార్?’ అని రోజూ పొద్దున్నే అడగండి. విసుక్కున్నా సరే. బలం కావాలంటారు, నమ్మకండి. కావలసింది నిలకడైన చెయ్యి. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 100 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. ఆర్క్ పొడవు రాడ్డు మందాన్ని మించకూడదు. నూనెలో బజ్జీ వేగుతున్నట్టు ఒకే తీరు చప్పుడు రావాలి. టపటపమని నిప్పురవ్వలు చిమ్మితే ఆర్క్ సాగిందన్నమాట. చున్నీ, నైలాన్ బట్టలు వద్దు. నూలు ఓవరాల్, తోలు గ్లవ్స్ వేసుకోండి, జడ లోపలికి దోపండి. స్లాగ్ కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కోర్సవగానే అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టండి, స్టైపెండ్ కూడా ఇస్తారు.