ఖాళీ అయిన లోక్‌సభ స్థానము – ఉప ఎన్నిక

లోక్‌సభ సభ్యుడు మరణించినను, రాజీనామా చేసినను, అనర్హుడైనను ఆయన స్థానము ఖాళీ అగును. దానిని నింపుటకై ఆ ఒక్క నియోజకవర్గములో జరుగు ఎన్నికయే ఉప ఎన్నిక. మన ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని ‘జిమ్నీ ఇంతిఖాబ్’ అందురు. ‘ఉప’ అన్నను ‘జిమ్నీ’ అన్నను ప్రధానమైన దానికి అనుబంధమనియే అర్థము. పేరును బట్టి ఇది చిన్న విషయమని విద్యార్థులు తలచుట సహజము. కాని ఆ నియోజకవర్గపు ప్రజల దృష్టితో చూచినచో సంగతి వేరు. స్థానము ఖాళీగా ఉన్నన్నాళ్లు వారి పక్షమున లోక్‌సభలో ప్రశ్న అడుగువారు లేరు. వారు చెల్లించు పన్నులు మాత్రము ఆగవు.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 149వ సెక్షను ప్రకారము ఎన్నికల సంఘము ఈ ఎన్నికకు నోటిఫికేషన్ జారీ చేయును. గెలిచిన వ్యక్తి ఆ లోక్‌సభకు మిగిలిన కాలము వరకే సభ్యుడు. రాజ్యసభ ఖాళీలను శాసనసభ్యులు నింపుదురు కనుక వాటి ప్రస్తావన ఇక్కడ మాకు అవసరము లేదు.

ఎన్నాళ్లలో నింపవలెను? అసలు చిక్కు ఇక్కడ కలదు. పార్లమెంటు సభ్యుడు కాని మంత్రి ఆరు నెలలలోగా సభ్యుడు కానిచో పదవి కోల్పోవునని రాజ్యాంగములోని 75వ అధికరణము మొదటినుండి చెప్పుచున్నది. ప్రతినిధి లేని ఓటర్లకు మాత్రము అట్టి గడువు ఏదియు చట్టములో లేకుండెను. మంత్రి వేచియుండుటకు హద్దు కలదు, ప్రజలు వేచియుండుటకు హద్దు లేదు! ఈ వ్యత్యాసము మాకు మొదట నమ్మశక్యముగా తోచలేదు.

మంత్రి గడువు ఎట్లు పనిచేయునో మన కర్నూలు జిల్లా చూచినది. 1991 జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అప్పటికి ఏ సభలోను సభ్యులు కారు. నంద్యాల సభ్యులు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేయగా, నవంబరులో అక్కడ ఉప ఎన్నిక జరిగినది. తెలుగువాడు ప్రధాని అయినాడను భావముతో ఎన్.టి. రామారావు తమ పార్టీ అభ్యర్థిని నిలుపలేదు. 5 లక్షల 80 వేలకు మించిన మెజారిటీతో ప్రధాని గెలిచినారు. ఆరు నెలలు నిండకముందే కార్యము ముగిసినది.

ఓటర్లకు గడువు 1996లో గాని రాలేదు. ఆ సంవత్సరము చేర్చిన 151-ఎ సెక్షను, ఖాళీ ఏర్పడిన ఆరు నెలలలోగా ఉప ఎన్నిక జరుపవలెనని నిర్దేశించినది. అయితే రెండు మినహాయింపులు కలవు: మిగిలిన పదవీకాలము ఏడాదికి తక్కువైనను, ఆ వ్యవధిలో ఎన్నిక జరుపుట కష్టమని కేంద్ర ప్రభుత్వమును సంప్రదించి ఎన్నికల సంఘము ధ్రువీకరించినను గడువు వర్తింపదు.

మొదటి మినహాయింపు 2018లో మనవారికే ఎదురైనది. ప్రత్యేక హోదా కోరుచు కడప, రాజంపేట, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు సభ్యులు ఐదుగురు ఏప్రిల్‌లో రాజీనామాలు సమర్పించినారు. అవి జూన్‌లో ఆమోదము పొందినవి. లోక్‌సభ గడువు 2019 జూన్ 3తో ముగియును. ఏడాదికి కొద్దిదినములు తక్కువైనందున ఉప ఎన్నికలు రాలేదు. కర్ణాటకలోని బళ్లారి, శివమొగ్గ, మండ్య స్థానములు అదే సంవత్సరము మే నెలలో ఖాళీ అయినవి కనుక అక్కడ నవంబరులో ఎన్నికలు జరిగినవి. రాజీనామా స్వచ్ఛందమా కాదా అని విచారించు బాధ్యత స్పీకరుకు రాజ్యాంగము ఒసగినదే. అందుకు కొంత కాలము పట్టవచ్చును. అయినను ఆ విచారణ కొన్ని వారములు ముందుగా ముగిసియుండినచో ఐదు నియోజకవర్గములకు ప్రతినిధులను ఎన్నుకొను అవకాశము లభించియుండెడిది. ఆమోదము తెలుపుటకు చట్టములో గడువు లేకపోవుట మా దృష్టిలో లోపమే.

ఉప ఎన్నిక వలన ప్రభుత్వములు సాధారణముగా మారవు గదా, ఇంత ఆరాటమెందుకని కొందరు అడుగవచ్చును. 1963లో అమ్రోహా నుండి ఆచార్య కృపలానీ, ఫరూఖాబాద్ నుండి రామమనోహర్ లోహియా, రాజ్‌కోట్ నుండి మీనూ మసానీ ఉప ఎన్నికలలో గెలిచి లోక్‌సభకు వచ్చినారు. చైనా యుద్ధము ముగిసి ఏడాది కాలేదు. ఆ ఆగస్టులో కృపలానీ నెహ్రూ ప్రభుత్వముపై తొలి అవిశ్వాస తీర్మానమును ప్రవేశపెట్టినారు. తీర్మానము వీగినది, కాని ప్రభుత్వము సభాముఖమున సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది.

ఉద్యమము కొరకు రాజీనామా చేసి ప్రజల తీర్పు కోరుటయు ఉన్నది. కరీంనగర్‌లో 2006 ఉప ఎన్నికలో కె. చంద్రశేఖరరావుకు రెండు లక్షలు దాటిన మెజారిటీ ఇచ్చిన ఓటర్లే, 2008లో మరల వచ్చిన ఉప ఎన్నికలో దానిని 15 వేల పైచిలుకునకు దించినారు. అడిగిన ప్రతిసారి ఒకే జవాబు ఇత్తురని ఓటర్లను గూర్చి అనుకొనరాదు.

ఇక రెండవ మినహాయింపు. పుణే సభ్యులు గిరీశ్ బాపట్ 2023 మార్చి 29న మరణించినారు. లోక్‌సభ గడువు అప్పటికి ఏడాదికి పైగా మిగిలియున్నది. సాధారణ ఎన్నికల సన్నాహములలో తీరిక లేదనునది ఎన్నికల సంఘము చెప్పిన కారణములలో ఒకటి. ఒక ఓటరు బొంబాయి హైకోర్టును ఆశ్రయింపగా, ఆ కారణము చెల్లదనియు వెంటనే ఎన్నిక జరుపవలెననియు డిసెంబరులో న్యాయస్థానము ఆదేశించినది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశమును నిలిపివేసినది. పుణే ప్రజలు మరల ఓటు వేసినది 2024 మే 13న, సాధారణ ఎన్నికలలోనే.