చొక్కా రంగు – సాయం చేసే చెయ్యి

దారిలో ఒకతను కాలు జారి పడి, చీలమండ పట్టుకుని మూలుగుతున్నాడు. అతని చొక్కా చూసి సాయం చేస్తామా? అవునంటోంది 2005లో వెలువడిన ఒక పరిశోధన.

ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మార్క్ లెవీన్, ఆయన సహచరులు ఈ ప్రయోగం చేశారు. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టును అభిమానించే విద్యార్థుల చేత మొదట తమ జట్టును గురించి రాయించారు. తరువాత వేరే భవనానికి పంపారు. దారిలో ఒకతను పడినట్లు నటించాడు. అతడు మాంచెస్టర్ చొక్కా తొడిగినప్పుడు 13 మందిలో 12 మంది ఆదుకున్నారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా అయితే 10 మందిలో ముగ్గురే! ఏ జట్టుదీ కాని మామూలు చొక్కా అయితే 12 మందిలో నలుగురు.

రెండవసారి అదే జట్టు అభిమానులు మరికొందరి చేత, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటంలోని ఆనందాన్ని గురించి రాయించారు. ఇప్పుడు లివర్‌పూల్ చొక్కా తొడిగినవానికి 10 మందిలో ఏడుగురు సాయపడ్డారు! అయితే మామూలు చొక్కావానికి 9 మందిలో ఇద్దరే.

చూశారా! ‘మనవాళ్ళు’ అనే గీత చెరిగిపోలేదు. కొంచెం అవతలికి జరిగింది, అంతే. ఈసారి ఆటలో ఎదుటి జట్టువాడు పడినప్పుడు, మీ గీత ఎక్కడున్నదో గమనించండి.