భుజసంధి

మానవశరీరమునందలి కీళ్ళలో భుజసంధికి గల స్వేచ్ఛ మఱి యే కీలునకును లేదు. మోచేయి తలుపువలె ఒక్క దిక్కుననే ముడుచుకొని విచ్చుకొనును. భుజమో, చేతిని ముందునకును, వెనుకకును, ప్రక్కకును, తలపైకిని త్రిప్పగలదు. వల విసరు జాలరియు, బావిలో నీరు తోడు ఇల్లాలును, బంతి విసరు క్రీడాకారుడును ఈ కీలు బలముననే పని చేయుచున్నారు. అయితే ఈ స్వేచ్ఛకు మూల్యము లేకపోలేదు. శరీరమందలి పెద్ద కీళ్ళలో అన్నిటికంటె తఱచుగా స్థానము తప్పునదియు భుజసంధియే.

భుజప్రదేశమున మూడు ఎముకలు కలవు. వీపు పైభాగమున, ప్రక్కటెముకల మీద ముక్కోణపు పలకవలె నుండునది అంసఫలకము. దీనిని రెక్క యెముక యనియు నందురు. మెడకు దిగువ అడ్డముగా, చేతికి తగులుచు నుండు సన్నని యెముక జత్రుక. దండచేతిలోనిది భుజాస్థి. ఇందొక వింత యున్నది. అంసఫలకము వెన్నెముకతో గాని ప్రక్కటెముకలతో గాని కీలు కట్టుకొని యుండదు. కండరముల నడుమ తేలుచున్నట్లుండును. కావున చేతికిని మొండెమునకును ఎముకల ద్వారా కలయిక ఒక్కచోటనే కలదు. అది జత్రుక రొమ్ముటెముకను చేరు చోటు. కంఠమూలమునందలి గుంట ప్రక్కన వ్రేలుంచి చేయి పైకెత్తినచో, అచ్చటి కదలిక స్పష్టముగా తెలియును.

ఎద్దునకు, గుఱ్ఱమునకు జత్రుక లేదు. వాని ముందుకాళ్ళు ముఖ్యముగా ముందునకు వెనుకకు కదలును గాని, మనుష్యుని చేతివలె ప్రక్కకు చాచుకొనజాలవు. కొమ్మలు పట్టి వ్రేలాడు కోతికి జత్రుక కలదు. చేతిని మొండెమునకు దూరముగా నిలుపు దూలము వంటి దీ యెముక. చాచిన చేతిమీద పడినప్పుడు పిల్లలకు తఱచుగా విఱుగునదియు నిదియే.

ఇక కీలు సంగతి. తుంటియందు తొడయెముక తల లోతైన గిన్నెలో సగమునకు పైగా మునిగియుండును. భుజమునందు అట్లు గాదు. చిన్న ప్రమిదెపై పెద్ద నిమ్మపండును నిలిపినట్లుండును. భుజాస్థి తలలో మూడవవంతు మాత్రమే ఒక్కసారికి ఆ గిన్నెను తాకును. జాఱిపోకుండ దానిని కాపాడునవి ముఖ్యముగా నాలుగు చిన్న కండరములు. ఇవి అంసఫలకమున పుట్టి, ముందునుండియు, పైనుండియు, వెనుకనుండియు ఆ తలను పట్టియుండును. క్రిందివైపున వీని కాపుదల లేదు.

కంటికి కనబడు కండరములు వేఱు. భుజశిఖరమును కప్పు త్రికోణకండరము చేతిని ప్రక్కకెత్తును. రొమ్ముమీది పెద్ద కండరము చేతిని మొండెమువైపునకు లాగును. చంక ముందుమడత దీని అంచే. వ్యాయామశీలురు పొంగించి చూపు దండకండరము మోచేతిని ముడుచుటయే గాక, అఱచేతిని పైకి త్రిప్పును. కుడిచేతితో మర బిగించునపుడు దీని బలమే పనిచేయును.

చేతిని తలపైకెత్తుట భుజాస్థి ఒక్కదాని పని కాదు. 1944 లో ఇన్‌మన్, మఱి యిద్దఱు వైద్యశాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపిరి. చేయి సాగు 180 డిగ్రీలలో ఇంచుమించు 120 డిగ్రీలు బంతి కీలునందును, తక్కిన 60 డిగ్రీలు అంసఫలకము తిరుగుటవలనను కలుగును. స్నేహితుని వీపుపై చేయి వేసి చూచిన ఈ తిరుగుడు చేతికి తగులును.

కబడ్డీలో చాచిన చేతిని ఎవరైన వెనుకకు గుంజినపుడు భుజాస్థి తల గిన్నెనుండి ముందునకు, క్రిందికి జాఱవచ్చును. అప్పుడు భుజపు గుండ్రదనము పోయి మూల తేలినట్లు కనబడును. సుశ్రుతసంహితలో దీనికి చికిత్స కలదు: చంకలో రోకలి నుంచి పైకెత్తి, కీలు కుదిరిన పిదప స్వస్తికాకారముగా కట్టు కట్టవలెను. హిపోక్రటీసు పేర వెలసిన గ్రీకు గ్రంథమున చంకలో మడమ మోపి చేతిని లాగు పద్ధతి కలదు. అవి నేర్పరుల చేతిలోని పద్ధతులు. చంకలో పెద్ద రక్తనాళములును, చేతికి పోవు నరములును ఉన్నవి. ఆటస్థలమున తోటివారు బలవంతముగా లాగినచో అవి తెగవచ్చును, ఎముకయు విఱుగవచ్చును. చేతిని ఉన్నది ఉన్నట్లుగనే ఉత్తరీయముతో మెడకు వ్రేలాడగట్టి ఆసుపత్రికి తీసికొనిపోవుటయే చేయదగిన పని. అచ్చట ఎక్స్‌రే తీసి, కీలు సరిచేయుదురు. ఇరువది యేండ్లలోపు వారికి ఒకసారి తొలగిన కీలు మరల తొలగుట మెండు. అందుచేత నొప్పి తగ్గిన పిమ్మటను కొన్ని నెలలు, ఆ నాలుగు చిన్న కండరములకు బలము కలిగించు వ్యాయామములు చేయింతురు.